స్నో ప్లౌ హోసులు ప్రతి చలికాలం ఎందుకు పోతున్నాయి?

మీ పికప్ ట్రక్కుకి బిగించిన స్నో ప్లౌలో (మంచు తోసే బ్లేడ్) హైడ్రాలిక్ హోసులు, అంటే ప్రెషర్‌తో ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టాలు, ప్రతి చలికాలం చిరుగుతున్నాయి, ఇంకా గట్టి రకం వేయించాలా అని అడిగారు. ముందు హోసు వెళ్ళే దారి చూడండి, రకం సంగతి తర్వాత.

మిషిగన్‌లో మా దుకాణం పార్కింగ్ లాట్‌లో మంచు నేనే తీసుకుంటాను. నేను చూసినంతలో ప్రెషర్ తట్టుకోలేక పగిలిన హోసులు తక్కువ, ఏదో ఒక ఇనుప అంచుకి రాసుకుని రాసుకుని పోయినవే ఎక్కువ. ముఖ్యంగా బ్లేడ్‌ని ఎడమకీ కుడికీ తిప్పే రెండు రామ్‌లకి (ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే సిలిండర్లు) వెళ్ళే హోసులు. బ్లేడ్ తిరిగినప్పుడల్లా అవీ వంగుతూ జరుగుతూ ఉంటాయి. జరిగే చోట ఫ్రేమ్ అంచు తగిలితే పైన రబ్బరు పొర పోతుంది, లోపలి ఉక్కు తీగల అల్లిక బయటపడుతుంది. మిగతా పని రోడ్డు మీద చల్లిన ఉప్పు చూసుకుంటుంది, తీగలకి తుప్పు పట్టిస్తుంది.

ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టడానికి సుద్దముక్క చాలు. హోసులు తుడిచి, పొడిగా ఆరాక పొడవునా సుద్ద గట్టిగా రుద్దండి. ఒకరిని ట్రక్కులో కూర్చోబెట్టి బ్లేడ్‌ని పైకీ కిందికీ, ఈ చివరి నుంచి ఆ చివరికీ నాలుగైదుసార్లు తిప్పించండి. మీరు దూరంగా నిలబడి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. తర్వాత సుద్ద చెరిగిన చోటు వెతకండి. మా ప్లౌలో కుడివైపు హోసు మీద బొటనవేలి గోరంత మేర చెరిగింది. ఎదురుగా చూస్తే బ్రాకెట్ అంచు కత్తిలా ఉంది. ఆకురాయితో ఆ అంచు గుండ్రంగా చేసి, హోసుకి నైలాన్ తొడుగు వేశాను. అక్కడ మళ్ళీ అరగలేదు.

ఇక గట్టి రకం సంగతి. రెండు వరుసల తీగలున్న ఆర్2 అనే రకం హోసు ఎక్కువ ప్రెషర్ తట్టుకుంటుంది గానీ బిరుసు. పావు అంగుళం సైజు ఆర్2ని 4 అంగుళాల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదు. చోటు ఇరుకైతే ఆర్17 అనే రకం అడగండి. 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషర్‌కి రేటింగ్ ఉంటుంది, అదే సైజులో 2 అంగుళాల దాకా వంగుతుంది. మీ ప్లౌ మాన్యువల్‌లో ప్రెషర్ ఎంతో చూసి, హోసు మైనస్ 40 డిగ్రీల చలి దాకా పనికొస్తుందో లేదో కనుక్కుని కొనండి.

బిగించేటప్పుడు హోసు మీద అచ్చువేసిన గీత తిన్నగా ఉండాలి, మెలిక పడిందంటే ఫిట్టింగ్ దగ్గరే పోతుంది. లాగి బిగించకండి, ప్రెషర్ ఎక్కినప్పుడు హోసు కాస్త పొట్టిదవుతుంది కాబట్టి కొంచెం వదులు కావాలి. జిప్ టైలంటే నాకు మంట. చలికి బిరుసెక్కి అవే రబ్బరుని కోస్తాయి. లోపల రబ్బరున్న క్లాంపులు వాడండి, అదీ కదలని చోట మాత్రమే.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. సన్నటి లీక్‌ని వేలితో తడిమి చూడకండి. ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చూడ్డానికి చిన్న గాటే అయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. హోసు విప్పే ముందు బ్లేడ్ నేలకి దించి, మాన్యువల్‌లో చెప్పినట్టు ప్రెషర్ వదిలేయండి.

ఎంత చూసుకున్నా ఎప్పుడో ఒకటి పోతుంది, అదీ షాపులు మూసున్న అర్ధరాత్రే. ఒక్కో సైజుకి ఒక స్పేర్ హోసు, రెండు పానాలు, ప్లౌ ఆయిల్ డబ్బా ట్రక్కులోనే పడేసి ఉంచండి. స్పేర్ హోసు చివర్లకి మూతలు పెట్టడం మరిచిపోవద్దు, లోపల ఇసుక చేరితే పంపు కూడా పోతుంది.