మిద్దె తోటలో సాలీళ్ల ఫోటోలు: ముందు మాక్రో లెన్స్ కొనాలా?

డీఎస్ఎల్ఆర్‌తో పాటు దాంతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి, మిద్దె తోటలో సాలీళ్లు, పురుగుల ఫోటోలు తీయడానికి చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే ఖరీదైన మాక్రో లెన్స్ తప్పదా అని అడిగారు. తప్పదని ఏమీ లేదండి. నన్నడిగితే ముందు ఫ్లాష్ మీద డబ్బులు పెట్టండి, లెన్స్ సంగతి తర్వాత చూడొచ్చు.

ఎందుకంటే మాక్రోలో అసలు చిక్కు వెలుతురుతోనే. కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద పురుగు తన అసలు సైజులో పడితే దాన్ని 1:1 అంటారు. అంత దగ్గరలో అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దాకా మూసినా ఫోకస్‌లో ఉండేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందమే. అపర్చర్ అంత మూశాక పగటి వెలుతురు కూడా చాలదు. షటర్ వేగం తగ్గిస్తే కొమ్మ కాస్త ఊగినా ఫోటో పోయినట్టే. అందుకే నేను మాన్యువల్‌లో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 200, షటర్ 1/160 సెకను, ఎఫ్/11 పెట్టేసి ఫ్లాష్ పవర్ ఒక్కటే మార్చుకుంటాను. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేలవ వంతే కాబట్టి చేతి వణుకు గురించి టెన్షన్ ఉండదు. వెనక నల్లగా వస్తుంటే పురుగు వెనకాల ఒక ఆకు వచ్చేలా చూసుకోండి.

ఫ్లాష్ వెలుతురు నేరుగా పడితే అక్షింతల పురుగు వీపు మీద తెల్లటి మచ్చ పడుతుంది, రంగు కనపడదు. టీవీల ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్లటి ఫోమ్ షీటును ఫ్లాష్ ముందు వంచి, లెన్స్ చివరి దాకా తెచ్చి కట్టండి. వెలుతురు పురుగుకి ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత మెత్తగా పడుతుంది.

మీ 50 ఎంఎం లెన్స్‌కి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు, చాలు. మూడింటి సెట్‌లో సాధారణంగా 12, 20, 36 ఎంఎం ఉంటాయి. 50 ఎంఎం లెన్స్ వెనక దాదాపు 50 ఎంఎం ట్యూబు పడితే 1:1 వచ్చేస్తుంది. కెమెరాని లెన్స్‌తో కలిపే ఎలక్ట్రిక్ కాంటాక్టులు ఉన్నవే కొనండి, లేకపోతే చాలా కెమెరాల్లో అపర్చర్ మార్చడం కుదరదు. ఆటోఫోకస్ ఆపేసి, లెన్స్ మీది ఫోకస్ రింగును తిప్పకుండా మీరే ముందుకీ వెనక్కీ మెల్లగా జరుగుతూ కళ్లు స్పష్టంగా కనిపించిన క్షణాన నొక్కండి. ఎడమ చేత్తో రెమ్మను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనిస్తే రెండూ కలిసే కదులుతాయి.

మొదలుపెట్టడానికి గెంతే సాలీడును మించింది లేదు. గోడల మీద, కరివేపాకు మొక్క మీద ఎక్కడైనా దొరుకుతుంది. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్దవి. పక్క కళ్లు కదలికను పసిగడతాయి కాబట్టి గబుక్కున వెళితే ఆకు కిందికి దూరిపోతుంది. నీడ దాని మీద పడకుండా, దాని ఎత్తుకు వంగి మెల్లగా వెళ్లండి. చాలాసార్లు అదే ఇటు తిరిగి లెన్స్‌లోకి చూస్తుంది. ఆ చూపు కోసమే నేను ఇప్పటికీ పొద్దున్నే మిద్దె ఎక్కుతాను.

దగ్గర్లో మామిడి చెట్టుంటే, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల మధ్య కాస్త ఓపికగా వెతకండి. అచ్చం వాటిలాగే ఉండే సాలీడు ఒకటుంది. ముందు కాళ్లు పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. బెదిరిస్తే పట్టు దారం వదిలి కిందికి వేలాడుతుంది, చీమ ఆ పని చేయలేదు.

కదలకుండా ఉంటాయని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చలికాలం తెల్లవారుజామున అవి వాటంతట అవే మందకొడిగా ఉంటాయి, మంచు బిందువులు కూడా ఉంటాయి.

ఇంకొకటి, ముఖంతో పాటు వీపు ఫోటో కూడా తీయండి. జీవుల ఫోటోలు పెడితే అవేంటో గుర్తించడానికి సాయపడే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టినప్పుడు కళ్ల అమరిక, వీపు మీది గుర్తులు రెండూ కనిపిస్తే ఏ జాతో చెప్పడం తేలికవుతుంది.