రెండు సంతకాలు పడితేనే విమానం

ప్రశ్న: మా అబ్బాయికి 21 నిండాయి. కళ్లజోడు ఉంది కాబట్టి పైలట్ కాలేనని, ఫ్లైట్ డిస్పాచర్ (నేల మీద నుంచే విమానం దారి, ఇంధనం ప్లాన్ వేసే ఉద్యోగి) కోర్సులో చేరతానని అంటున్నాడు. డిగ్రీ కావాలా?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు ఆ అపోహ తీసేయండమ్మా. కళ్లజోడుతో చూపు 20/20 వస్తే పైలట్ కావచ్చు. డిస్పాచర్‌కైతే మెడికల్ సర్టిఫికెట్టే అడగరు, డిగ్రీ కూడా అడగరు. ఇంగ్లిషు చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన కోర్సు కనీసం 200 గంటలు. రాతపరీక్షకు 21 నిండితే చాలు: 80 ప్రశ్నలు, 3 గంటలు, 70 శాతం వస్తే పాస్. ఆ ఫలితం 24 నెలలు చెల్లుతుంది. ఆపైన ఎగ్జామినర్ ఎదుట ఓరల్, ప్రాక్టికల్ ఉంటాయి. సర్టిఫికెట్ మాత్రం 23 నిండాకే. అందుకే 22 దాటాక చేరమంటాం. నేర్చుకున్నది ఏడాదిపాటు ఖాళీగా ఉంటే మరుగున పడిపోతుంది.

ప్రశ్న: డాలస్ నుంచి డెన్వర్‌కు ప్లాన్ వేశాను. చేరే సమయం 23:40 జూలూ (విమానయానంలో అంతటా వాడే యూటీసీ సమయం). ఫోర్‌కాస్ట్ బాగుందని ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే మరో విమానాశ్రయం) పెట్టలేదు, ఇన్‌స్ట్రక్టర్ కొట్టేశారు. టెంపోలో (ఫోర్‌కాస్ట్‌లో కాసేపు ఉండే మార్పులు చెప్పే భాగం) మాత్రం 5 మైళ్ల విజిబిలిటీ, 1,500 అడుగుల ఎత్తున బ్రోకెన్ మబ్బులు (ఆకాశంలో సగానికి పైగా కప్పేవి) ఉన్నాయి.
– విద్యార్థి, డాలస్

జవాబు: కొట్టేయడం సబబే. 1-2-3 సూత్రం పట్టుకోండి: చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా సీలింగ్ (ఆకాశాన్ని సగానికి పైగా కప్పిన మబ్బుల అడుగు ఎత్తు) కనీసం 2,000 అడుగులు, విజిబిలిటీ కనీసం 3 మైళ్లు ఉండాలి, లేకపోతే ఆల్టర్నేట్ పెట్టాల్సిందే. మీరు చూడాల్సిన సమయం 22:40 నుంచి 00:40. జూలూలో తేదీ మధ్యలోనే మారుతుంది, చాలామంది తడబడేది అక్కడే. విజిబిలిటీ సరిపోయింది, సీలింగే చాలలేదు. టెంపో అంటే ‘కాసేపే కదా’ అని వదలకూడదు. ప్రత్యేక మినహాయింపు ఉన్న ఎయిర్‌లైన్ల సంగతి వేరు.

ఇక ఇంధనం. గంటకు 5,000 పౌండ్లు తాగుతుందనుకుందాం. డెన్వర్ దాకా 1 గంట 42 నిమిషాలకు 8,500, ఆల్టర్నేట్‌కు అరగంట 2,500, ఆపై 45 నిమిషాల రిజర్వు 3,750. వెరసి 14,750. ట్యాక్సీ (నేల మీద నడవడం), హోల్డింగ్ (దిగే ముందు గాల్లో తిరుగుతూ ఆగడం)లవి అదనం. కొలరాడో స్ప్రింగ్స్ డెన్వర్‌కు దగ్గరే కదా అని కళ్లు మూసుకుని ఆల్టర్నేట్‌గా పెట్టేయకండి. వేసవి సాయంత్రాల్లో కొండల అంచున పుట్టే ఉరుముల వాన రెండింటినీ ఒకేసారి మూసేయగలదు. దూరపు ఆల్టర్నేట్ తీసుకుంటే ఇంధనం పెరుగుతుంది, అప్పుడు లాండింగ్ బరువు హద్దు మళ్లీ చూడాలి. హద్దు దాటితే సరుకు దించాల్సిందే.

ప్రశ్న: డిస్పాచర్ డ్యూటీ ఎలా ఉంటుంది? కెప్టెన్ ఒప్పుకోకపోతే?
– పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: వరుసగా 10 గంటలకు మించి డ్యూటీ వేయకూడదు. ఏడు రోజుల్లో ఒకసారి 24 గంటల సెలవు ఇవ్వాలి. ఏటా 5 గంటలు కాక్‌పిట్‌లో కూర్చుని విమానం నడిచే తీరు చూడాలి. రిలీజ్ (విమానం బయల్దేరడానికి అనుమతి పత్రం) మీద కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరూ సంతకం చేస్తారు. ఒకరు కాదన్నా విమానం కదలదు. అలాంటప్పుడు ఇంధనం పెంచుతారు, దారి మారుస్తారు, లేదా ఆలస్యం చేస్తారు.