మూత తీయబోయే ముందు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. ఇంట్లో మూలపడ్డ వాచీలన్నీ నువ్వే బాగుచేస్తానని కూర్చున్నావట. అమ్మ చెప్పగానే పొంగిపోయాను, ఆ వెంటనే దడ పుట్టింది. నీ చేతుల మీద అనుమానం కాదే, నీ తొందర మీద.

సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు గెంతుతుంటే, చాలా క్వార్ట్జ్ వాచీల్లో సెల్ అయిపోవస్తోందని గుర్తు. పాతదాని మీదున్న నంబరే వెయ్యి. ఎస్ఆర్, అంటే సిల్వర్ ఆక్సైడ్ సెల్ ఉన్నచోట, సైజు సరిపోయింది కదా అని ఎల్ఆర్, అంటే ఆల్కలైన్ సెల్ పెట్టకు. అయిపోయిన సెల్ లోపల వదిలేస్తే కారి తినేస్తుంది.

ఇక నా అసలు భయం కాయిల్. సెల్ పక్కనే రాగిరంగులో మెరుస్తుంటుంది, వెంట్రుకకన్నా సన్నని తీగ చుట్ట. క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తే, సర్క్యూట్ దాన్ని లెక్కగట్టి, మోటారును కదిలించే కరెంటు పంపేది ఆ తీగలోకే. సెల్ క్లిప్పు విప్పుతుండగా స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారిందా, తీగ తెగుతుంది. తెగినట్టు కంటికి ఆనదు కూడా. తెంపినవాడు సెల్ మంచిది కాదంటాడు, ఇంకోటి వేస్తాడు, మళ్ళీ ఇంకోటి. మీ తాతయ్య వాచీ అలాగే పోయింది. ఆయన మాత్రం ఆగిన వాచీనే పెట్టుకు తిరిగేవాడు, చెయ్యి బోసిగా ఉంటుందని. ఎవరైనా టైమడిగితే పక్కవాణ్ణి చూపించేవాడు!

అందుకే కొత్త సెల్ వేసినా కదలకపోతే, దాన్ని తీసేసి మల్టీమీటరుతో కాయిల్ రెండు కొసలూ చూడు. చాలావాటిలో నిరోధం కిలో ఓము, అంటే వెయ్యి ఓములు, ఆ పైన చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే తెగినట్టే. స్క్రూడ్రైవర్ మొన ఎప్పుడూ కాయిల్‌కి అవతలి వైపు ఉండాలి. సెల్‌ని ఇనప పట్టకారుతో పట్టకు, షార్ట్ అవుతుంది, ప్లాస్టిక్‌దయితే మంచిది. అన్నం తిని కూర్చో. ఆకలి మీద నువ్వే పనీ నిలకడగా చెయ్యవు.

చెయ్యి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీ రెండు రోజులు తీసి పెడితే ఆగింది అంటే అది జబ్బు కాదు. చాలావాటికి నిండా కీ ఉన్నా నడిచేది 40 గంటలు, అటూ ఇటూ. ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే దిక్సూచి దగ్గర పెట్టు, దిక్సూచి ముల్లు ఊగితే అయస్కాంతం పట్టిందేమో చూడాలి. స్పీకర్ల పక్కన పెట్టేది మీరే కదా! రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని విడిగా తిప్పకు, ఆ వేళ తేదీ మార్చే పళ్ళు పట్టుకుని ఉంటాయి. డయల్ చూస్తే పగలో రాత్రో తెలియదు కాబట్టి, తేదీ మారేదాకా ముళ్ళు ముందుకు తిప్పి, ఆరు దాటించి, అప్పుడు సరిచెయ్యి. లోపల నూనె చుక్క వేశావో, ఊరుకోను.

పోయినా బాధలేని క్వార్ట్జ్ వాచీతో మొదలుపెట్టు. నా భూతద్దం పంపుతున్నాను. మీ నాన్న ఆటోమేటిక్ మూత మాత్రం నేను వచ్చేదాకా తీయకు.

మామయ్య