పాత గిటార్‌కు కొత్త కీలు వేయించాలా?

ప్రశ్న: మా పెదనాన్నగారు ఓడల్లో పనిచేసేవారు. ఆయన తెచ్చిన ఫెండర్ మస్టాంగ్ గిటార్ ఇప్పుడు నా దగ్గరుంది. 1966 నాటిదని చెప్పేవారు. తీగలు బిగించే ట్యూనింగ్ కీలు తుప్పు పట్టి బిగుసుకున్నాయి, మెడ మీది లోహపు పట్టీలు (ఫ్రెట్లు) అరిగాయి, వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది, అక్కడక్కడా రంగు పోయింది. షాపులో అన్నీ మార్చి, రంగేసి కొత్తదానిలా చేస్తామంటున్నారు. కలెక్టర్ల దగ్గర విలువ తగ్గుతుందా?
— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: ముందు రంగు వద్దని చెప్పేయండి, మిగతావి తర్వాత. పాత ఫెండర్‌కు మళ్లీ రంగు వేస్తే ధర దాదాపు సగానికి పడిపోతుందని ఈ వ్యాపారంలో అందరూ చెప్పే లెక్క. పోయిన రంగును ఎవరూ తప్పుపట్టరు. కొత్త రంగు కింద ఏం దాచారోనన్న అనుమానమే ధరను దించుతుంది.

ఫ్రెట్లంటారా, అవి అరగడానికే ఉన్నాయి. ఎత్తు మిగిలుంటే సాన పట్టిస్తే చాలు, లేకపోతే నిక్షేపంగా మార్పించండి. కాకపోతే ఫ్రెట్లు బిగించిన చెక్కకు, అంటే ఫ్రెట్‌బోర్డుకు, 7.25 అంగుళాల రేడియస్‌తో వంపు ఉంటుంది. ఇప్పటి గిటార్లలా చదును చేస్తామంటే ఒప్పుకోవద్దు.

నాకు అసలు భయం కీల దగ్గరే. ముందు పళ్లచక్రాల్లో చుక్క మెషిన్ ఆయిల్ వేసి చూడండి. కదలకపోతే అవే కన్నాల్లో, అవే స్క్రూ గుర్తుల్లో కూర్చునే పాత తరహా కీలు తెప్పించండి. పళ్లచక్రాలు మూసి ఉండే ఇప్పటి సీల్డ్ కీలకు సాధారణంగా 10 మిల్లీమీటర్ల కన్నం కావాలి, మీ గిటార్‌కు అంత ఉండదు. షాపువాళ్లు వెంటనే డ్రిల్ తీస్తారు. కీలైతే ఎప్పుడైనా పాతవి మళ్లీ బిగించుకోవచ్చు, పెద్దదైన కన్నాన్ని ఏం చేస్తాం?

గరగరకు కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రికల్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి నాబ్ అటూ ఇటూ బాగా తిప్పితే చాలాసార్లు పోతుంది. నాబ్ కింద లోపల ఉండే పాట్ (వాల్యూమ్ పెంచి తగ్గించే భాగం) మాత్రం మార్చనివ్వకండి, గిటార్ జాతకం దాని మీదే ఉంటుంది. ఉదాహరణకు 3046612 అని ఉంటే 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 66 అంటే 1966, 12 అంటే ఆ ఏడాది 12వ వారం. పాట్ తయారైన తేదీ అది, గిటార్ అంతకుముందుది కాదు. ఎవరూ ముట్టుకోని టంకాన్ని కూడా కొనేవాళ్లు పరీక్షగా చూస్తారు.

తీసినవన్నీ, స్క్రూలతో సహా, కవర్లో వేసి కేసులోనే ఉంచండి. పక్కన సిలికా జెల్ ప్యాకెట్లు పడేయండి, మన ఉప్పుగాలికి కొత్త కీలూ ఆగవు.

మస్టాంగ్ 1964లో నేర్చుకునేవాళ్ల కోసం తెచ్చిన మోడల్. ఫెండర్‌వాళ్ల ఖరీదైన మోడల్ స్ట్రాటోకాస్టర్ ధర ఆశించి ఖర్చు పెట్టేయకండి. ఫ్రెట్ల పనికి నెక్ (గిటార్ మెడ) విప్పితే, బాడీలో కూర్చునే చివర తేదీ ముద్ర ఉందేమో చూసి ఫొటో తీయించుకోండి. పెదనాన్నగారు చెప్పిన ఏడాదికి అది కలిస్తే, అమ్మేటప్పుడు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మీ ఫోన్‌లోనే ఉంటుంది.