సెమినార్‌లో అర్థమైంది, ఇంటికొచ్చాక అర్థం కాలేదు

ప్రశ్న: పరిశోధనలో భాగంగా 22 మంది నర్సులను ఇంటర్వ్యూ చేసి, వారి మాటలన్నింటినీ రాతలో పెట్టుకున్నాను. గుణాత్మక సమాచార (అంకెలు కాక మాటల రూపంలో ఉన్న సమాచారం) విశ్లేషణకు పనికివచ్చే సాఫ్ట్‌వేర్‌పై రెండు రోజుల సెమినార్‌కు కూడా వెళ్ళాను. అక్కడ అంతా తేలికగానే అనిపించింది కానీ, నా ఇంటర్వ్యూలు తెరిచేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. మరో శిక్షణ తీసుకోవాలా? ఎన్‌వివో, అట్లాస్ టిఐ, మాక్స్‌క్యూడిఎలలో ఏది మంచిది?

జవాబు: తప్పు మీది కాదు. ఇలాంటి సెమినార్లలో సాధారణంగా ముందే సిద్ధం చేసిన నమూనా ప్రాజెక్టును చూపిస్తారు. ఏ వాక్యానికి ఏ కోడ్ (అంటే ఆ వాక్యం సారాన్ని చెప్పే చిన్న పేరు) పెట్టాలన్న అసలైన కష్టం అందులో అప్పటికే ఎవరో పడి ఉంటారు కనుక, మనకు మీటలు నొక్కడం మాత్రమే మిగులుతుంది. ఒక నర్సు మీతో "రాత్రి డ్యూటీలో డాక్టరుగారిని లేపాలంటే రెండుసార్లు ఆలోచిస్తాం" అన్నదనుకుందాం. దీనికి "పని ఒత్తిడి" అని కోడ్ పెడితే ఆ వాక్యంలోని ప్రాణం పోతుంది. "అడగడానికి జంకు" అని పెడితే, అదే జంకు మిగతా ఇంటర్వ్యూలలో ఎక్కడెక్కడ, ఎవరి ముందు కనబడుతుందో వెతకాలనిపిస్తుంది. "భయం" అనే మాటే లేని ఆ వాక్యం, సాఫ్ట్‌వేర్‌లో ఆ మాట కోసం వెతికితే దొరకదు.

కాబట్టి ముందు రెండు ఇంటర్వ్యూలను కాగితంపై అచ్చు తీసి, పెన్సిలుతో అంచుల్లో కోడ్‌లు రాయండి. ఆ కోడ్ ఎందుకు పెట్టారో ఒక్కొక్క వాక్యంలో రాసుకుంటే అదే మీ మొదటి మెమో. ఆ తరువాతే శిక్షణకు వెళ్ళండి. సొంత సమాచారంతో పనిచేయనిచ్చే శిక్షణనే, అదీ వరుసగా రెండు రోజులు కాకుండా నడుమ వారం పది రోజుల విరామం ఇచ్చేదాన్నే ఎంచుకోండి. చిక్కుముడులు బయటపడేది ఆ విరామంలోనే.

ఏది మంచిదన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. మీరడిగిన మూడూ కోడింగ్, మెమోలు, వెతుకులాట అనే ప్రధానమైన పనులను బాగానే చేస్తాయి. మీ గైడ్‌గారు, తోటి పరిశోధకులు వాడేదాన్నే నేర్చుకుంటే సందేహం వచ్చినప్పుడు అడగడానికి పక్కన మనిషి ఉంటారు. కొనే స్తోమత లేకపోతే ఉచితంగా దొరికే క్వాల్‌కోడర్, టాగెట్ ఉన్నాయి. టాగెట్‌లో సదుపాయాలు తక్కువే అయినా 22 ఇంటర్వ్యూలకు కోడ్‌లు పెట్టడానికి సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లను పోల్చి చూడాలనుకుంటే, బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో 1994లో మొదలైన కాక్‌డాస్ (గుణాత్మక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లకు ఇంగ్లీషు పొట్టిపేరు) నెట్‌వర్కింగ్ ప్రాజెక్టు సలహాలు చదవండి. అమ్మకందారుల మాట కన్నా అది నమ్మదగినది.

ఒక జాగ్రత్త: శిక్షణకు తీసుకువెళ్ళే ప్రతుల్లో నర్సుల పేర్లు, వార్డులు, ఆసుపత్రి ఆనవాళ్ళు ముందే తీసేయండి. పక్క కుర్చీలో కూర్చున్నవారికి మీ తెర స్పష్టంగా కనబడుతుంది.