హై రిస్క్ సంతకం పెట్టాం, ఇక కేసు వేయలేమా?

ప్రశ్న: మాది పలమనేరు. మా నాయనకు పదిహేనేళ్లుగా షుగరు, రెండేళ్లుగా డయాలసిస్. కాలి పుండు ముదిరి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే రాత్రి 11 గంటలకు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. జ్వరం లేదని సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. పొద్దున పెద్ద డాక్టరు వచ్చాకే యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడోరోజు పోయారు. సెప్టిక్ షాక్ అని రాసిచ్చారు. బిల్లు 3.8 లక్షలు కట్టాం. అడిగితే, ‘పాత జబ్బుల మనిషి, హై రిస్క్ అని మీరే సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. 14 నెలలైంది. కేసు నిలుస్తుందా?

జవాబు: సంతకం గురించి టెన్షన్ వద్దు. ప్రమాదం ఉందని తెలిసే వైద్యానికి ఒప్పుకున్నారని దాని అర్థం, నిర్లక్ష్యానికి ఒప్పుకున్నారని కాదు. పాత జబ్బుల మాట కూడా వాళ్లకే ఎదురు తిరగవచ్చు. షుగరు, కిడ్నీ రోగులకు ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించినా జ్వరం రాకపోవచ్చు. బీపీ పడిపోవడం, ఆయాసం, మాట తేడా రావడం, ఇవే గుర్తులు. క్యాజువాలిటీలో కూర్చునే డాక్టరుకు ఇది కొత్త సంగతేమీ కాదు.

అయితే మనిషి పోయాడు కాబట్టి తప్పు జరిగిందని రాస్తే మాత్రం కేసు నిలవదు. సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించి బీపీ పడిపోయినప్పుడు, మంచి వైద్యం అందినా చాలామంది దక్కరు. మీ కేసంతా గడియారం మీదే ఉంది. ఇలాంటి ఇన్ఫెక్షన్ వైద్యంపై 2021 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం షాక్ ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. షాక్ లేకుండా ఇన్ఫెక్షన్ విషమించిందన్న అనుమానం మాత్రమే ఉంటే, త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే 3 గంటల్లోపు ఇవ్వాలి. అది చట్టం కాదు గానీ, నిపుణుడైన డాక్టరు దాన్ని పక్కనపెట్టి అభిప్రాయం చెప్పలేడు. కాబట్టి 11 గంటలకు బీపీ ఎంత, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఎప్పుడు తీశారు, మొదటి డోసు ఏ టైముకు పడింది, ఈ మూడూ తేలాలి. డిశ్చార్జి సమ్మరీలో ఇవి సాధారణంగా దొరకవు, నర్సుల చార్టులో ఉంటాయి.

అందుకే నర్సుల చార్టులతో సహా మొత్తం కేస్ షీటు కోసం ఆసుపత్రిని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి, తేదీతో రసీదు తీసుకోండి. 2002 వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదీ మనకు ఒక ఆధారమే.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అంటే మీకింకా పది నెలలుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ప్రతి వాయిదాకూ తిరుపతి పరిగెత్తక్కర్లేదు. కట్టిన బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో ఒక హైదరాబాద్ కేసులోనే చెప్పింది. మీ విషయంలో మాత్రం తీసుకోవడమే మంచిది, ఎందుకంటే ఆలస్యం వల్లే ప్రాణం పోయిందని చూపడం తేలిక కాదు.

పోలీసు కేసు జోలికి వెళ్లమని నేను చెప్పను. 2005లో జేకబ్ మాథ్యూ అనే డాక్టరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం చూపాలి. మీరు రాసినదాంట్లో అంత కనబడలేదు.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. ఆ పుండు ఎన్నాళ్ల నుంచి ఉంది? మధ్యలో మందుల షాపు మాత్రలతో ఎన్ని రోజులు నెట్టారు? మీ వకీలు దగ్గర అది దాచకండి. అవతలి వకీలు మొదట అడిగేది అదే.