సందేహాలు – సమాధానాలు: యాంప్లిఫయరుకు తృప్తి ఎక్కడిది?

సందేహం: పాలిటెక్నిక్ కళాశాలలో ప్రయోగశాల బోధకుడిని. పిల్లల కోసం తెలుగులో మాన్యువల్ రాస్తున్నాను. ఎల్‌ఎం 35 ఉష్ణోగ్రత సెన్సరు, దాని వెనుక ఎల్‌ఎం 358 అనే చిప్‌తో కట్టిన, వోల్టేజిని పది రెట్లు పెంచే యాంప్లిఫయరు, 5 వోల్టుల విద్యుత్ సరఫరా. ఎంత వేడిచేసినా సెన్సరు 35 డిగ్రీలకు మించి చదవడం లేదు. ఇందుకు కారణంగా ‘యాంప్లిఫయరు సంతృప్తి చెందింది’ అని రాస్తే, ‘ఏం తిన్నది సార్?’ అని పిల్లలు నవ్వారు. నా ప్రయోగం తప్పా? యాంప్లిఫయరును వర్ధకం అనవచ్చా?

సమాధానం: ప్రయోగశాలలో ఉండేవారు ‘నా ప్రయోగం తప్పా’ అంటే పరికరాల ప్రయోగమా, మాట ప్రయోగమా అన్నది ఒక్క క్షణం తేలలేదు. రెండింటిలోనూ కొంత తప్పు ఉంది.

ఇంగ్లీషు ‘శాచురేటెడ్’కు వాడే ‘సంతృప్తం’ మనకు రసాయన శాస్త్రంలో అలవాటైన మాట. నీటిలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశలో ఇక కరగదు. అది సంతృప్త ద్రావణం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అన్నట్టే కనుక అక్కడ మాట అతికింది. సంతృప్త కొవ్వుల సంగతి వైద్యులకు వదిలేద్దాం.

మీ యాంప్లిఫయరు ‘చాలు’ అనలేదు. ఎలక్ట్రానిక్స్ చదివే మా మనవడిని కూర్చోబెట్టి అడిగాను. ఆ సెన్సరు డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 35 డిగ్రీలకు 0.35 వోల్టు, పది రెట్లయితే 3.5. ఎల్‌ఎం 358 తన సరఫరాకు సుమారు 1.5 వోల్టుల కిందే, అంటే ఇక్కడ 3.5 దగ్గరే, ఆగిపోతుందట. 40 డిగ్రీలకు 4 వోల్టులు ఇవ్వాలని ఉన్నా దానికి అందదు. ఆకలి ఉండి కూడు అందనివాణ్ణి సంతృప్తుడంటామా?

తృప్తి అనగానే నాకు పోతన వామనుడు గుర్తొస్తాడు. మూడడుగులు కాదు, ఇంకా పెద్దవి అడగమన్న బలితో ఆ పొట్టివాడు అంటాడు: ‘వ్యాప్తిం బొందక వగవక ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం దృప్తిం జెందని మనుజుఁడు సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే’. లేశాన్నే పదివేలనుకోవాలని నీతి చెప్పిన ఆ నోటివాడే కాసేపటికి ‘ఇంతింతై వటుఁ డింతయై’ పెరిగాడు! మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు దాటి, చివరికి ‘బ్రహ్మాండాంత సంవర్ధి’ అయ్యాడు. ఆ ‘అంత’ను గమనించండి. అంతటి త్రివిక్రముడికీ ఒక అంచు ఉంది. మీ ఎల్‌ఎం 358 బ్రహ్మాండం 5 వోల్టులే, అందులోనూ పైన ఒకటిన్నర దానిది కాదు. ఆ ‘సంవర్ధి’లో ఉన్నదే మీ ‘వర్ధకం’లోనూ ఉంది. దానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం వెతకనక్కరలేదు, నిశ్చింతగా వాడండి.

తృప్తికి మన ఇంటి మాట ‘తనివి’. తమిళంలో ‘తణ్’ అంటే చల్లన, ‘తణి’ అంటే చల్లారు, అణగు. దాహం తీరడానికీ ఆ మాటే. మన ‘తనియు’ దాని చుట్టమేనని నా నమ్మకం. ఆ లెక్కన తృప్తిపడడమంటే చల్లబడడం. వేడిచేస్తున్న వస్తువుకు ఆ మాటేమిటి, చెప్పండి!

ఇక ‘సెన్సరు చదవడం లేదు’. చదివేది మీరు, సెన్సరు చూపుతుంది. ఇంగ్లీషు వాక్యం మీద తెలుగు అక్షరాలు అతికించే ఈ అలవాటు పత్రికల నుంచి పాఠ్యపుస్తకాలకూ పాకింది. పైగా నింద తప్పు చేయనివాడి మీద పడింది. సెన్సరు నుంచి వోల్టేజి బయటికొచ్చే కాలి (పిన్ను) దగ్గర, వోల్టేజి కొలిచే మల్టీమీటరు పెట్టి చూడండి. 45 డిగ్రీల వేడికి అక్కడ 0.45 వోల్టు కనిపిస్తే సెన్సరు నిర్దోషి.

‘సంతృప్తం’ అన్నది పారిభాషికంగా స్థిరపడింది కనుక తప్పనలేను. పరీక్షలో రాయవలసిన పిల్లలకు ఒకసారి చెప్పండి. వివరణలో మాత్రం ‘యాంప్లిఫయరు అంచుకు తగిలింది’ అంటే ఎవరూ నవ్వరు. పెంపును పది రెట్ల నుంచి అయిదు రెట్లకు తగ్గిస్తే 70 డిగ్రీల దాకా ఆ అంచు తగలదని మనవడి మాట. అప్పుడు మీ మాన్యువల్‌లో ఈ వాక్యమే అక్కరలేకపోవచ్చు.